గడ్డి దొడ్డికి గునపం అక్కరలేదు

తొలకరి పడగానే గుంటూరు జిల్లాలో ఏ వూరికి వెళ్ళినా ఒకటే తంతు. ఇంటి ముందు సిమెంటు చేసిన వాకిలి, ఇంటి వెనక మోకాలెత్తు గడ్డి. పాత కాలనీల్లో ఇళ్ళ వెనక మిగిలిన సెంటు, అరసెంటు జాగా, అంగన్‌వాడీ కేంద్రం పక్క ఖాళీ స్థలం, బడి ప్రహరీ లోపలి మూల, అన్నింటిదీ ఇదే వాలకం. తుంగ, గరిక, మధ్య మధ్య వయ్యారిభామ. ఆ గడ్డి పక్కనుంచే ఇల్లాలు సంచి పట్టుకుని సంతకు వెళ్ళి వంకాయలు, బెండకాయలు కొనుక్కుని వస్తుంది. ఇంట్లో గింజలు లేక కాదు. సొరగింజలు, బీరగింజలు చూరుకింద మూటగట్టి వుంటాయి. వాటిని పెట్టే చోటు లేదంటుంది. చోటు వుంది, కాని గడ్డి కింద వుంది.

ఆ గడ్డి తీయాలంటే ఎవరైనా చెప్పేది ఒక్కటే: గునపంతో పెళ్ళగించాలి, పారతో తిరగెయ్యాలి, వేర్లు ఏరిపారెయ్యాలి. నల్లరేగడి నేలలో ఆ పని ఎంతటిదో తెలిసినవాళ్ళకే తెలుసు. ఎండితే రాయి, తడిస్తే జిగట. మగదిక్కు వున్న ఇంట్లో ఆయన పొలం పనికో, తాపీ పనికో పోయి చీకటిపడ్డాక వస్తాడు. మగదిక్కు లేని ఇంట్లో ఇద్దరు కూలీలకు రెండు రోజుల కూలి ఇచ్చుకుంటే, ఆ డబ్బుతో ఎన్ని వారాల కూరగాయలు వస్తాయో అన్న లెక్క ముందుకొస్తుంది. లెక్క కుదరదు. గింజలు మూటలోనే పుచ్చిపోతాయి. నడుంనొప్పి మనిషి, ముసలి మనిషి, బాలింత, ఒంటరి ఆడమనిషి, కూరగాయల అవసరం ఎక్కువ వున్నవాళ్ళంతా ఈ గునపం దగ్గరే ఆగిపోతున్నారు.

విచారించవలసిన సంగతి ఏమంటే, ఆ గునపం పని అసలు అవసరమే లేదు. పైగా చాలాచోట్ల అది చేటు కూడా.

తుంగ సంగతి చూడండి. పైకి కనిపించేది నాలుగు ఆకులే. కింద గొలుసుకట్టుగా గడ్డలుంటాయి, ఎక్కువ భాగం పైన జానెడు మట్టిలోనే. ఆ గొలుసు తెగనంతవరకు వాటిలో చాలా గడ్డలు నిద్రలో వుంటాయి. పార పడి గొలుసు తెగితే తెగిన ప్రతి ముక్కా విడిగా లేచి మొలుస్తుంది. గరికదీ అదే తీరు. కణుపు కణుపుకూ వేరు. నాలుగు ముక్కలు చేస్తే నాలుగు మొక్కలు. 1977లో ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కల మీద శాస్త్రజ్ఞులు వెలువరించిన ప్రామాణిక గ్రంథంలో మొదటి స్థానం తుంగది, రెండో స్థానం గరికది. ఆ రెండూ ఒకే దొడ్లో వున్న ఇల్లాలు గునపంతో ఎవరి మీదకు పోతున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక బడి ఆవరణలో ఎవరో దాత ట్రాక్టరు తెచ్చి రోటవేటరు వేయించాడంటే చెప్పనక్కరలేదు. తుంగ గడ్డలను చిన్న చిన్న ముక్కలు చేసి ఆవరణమంతా నాటినట్లే. ఫొటో దిగిన రోజున నేల దువ్వినట్లు నున్నగా వుంటుంది. నెల తిరిగేసరికి మునుపటికంటే ఒత్తుగా తుంగ.

గడ్డలు, కణుపులు అలా వుండగా, నేలలో విత్తనాల నిల్వ ఒకటి వుంది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో 1879లో బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కలుపు గింజలను ఇసుకతో కలిపి 20 సీసాల్లో నింపి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకు ఒకటి చొప్పున తీసి మొలకెత్తించి చూస్తున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా, అంటే 142 ఏళ్ళ తరవాత కూడా, కొన్ని గింజలు మొలకెత్తాయి. లోతున చీకట్లో వున్న గింజ వూరికే వుంటుంది. తిరగేసిన ప్రతిసారీ కొన్నిటిని వెలుతురులోకి తెచ్చి లేపుతున్నాము. తవ్విన దొడ్లో మొదటి వాన తరవాత పచ్చగా లేచేది అదే.

దున్నకుండా, తవ్వకుండా పంట ఏమిటని నవ్వేవాళ్ళు వున్నారు. నవ్వేవాళ్ళలో మాగాణి రైతులు కూడా వుండటమే వింత. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు చేలో మినుములు, పెసలు చల్లడం తాతల నాటి అలవాటు. ఆ మినుముకు ఎవరు దుక్కి దున్నారు? తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతాల్లో వరి కోసిన మాగాణిలో కర్రతో బెజ్జం వేసి మొక్కజొన్న గింజ వదలటం ఏనాటినుంచో చూస్తున్నదే. దానికీ దుక్కి లేదు. అయితే ఒక తేడా వుంది, దాన్ని దాచకూడదు. మొక్కజొన్న చేలో దుక్కికి బదులు గడ్డిమందు కొడతారు. ఇంటి దొడ్లో ఆ పని పనికిరాదు. పక్కనే చేతిపంపు వుంటుంది, పిల్లలు తిరుగుతారు, కోళ్ళు మేస్తాయి. గ్లైఫోసేట్ వాడకంపై 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వమే ఆంక్షలు పెడుతూ ఉత్తర్వు ఇచ్చింది. చేలో మిగిలిన మందు డబ్బా తెచ్చి పెరట్లో గడ్డికి కొట్టే అలవాటు కొన్ని వూళ్ళలో వుంది. అది మానుకోవలసిన అలవాటు.

మందు చేసే పనిని చీకటి చేస్తుంది. ఆకుకు వెలుతురు తగలకపోతే మొక్క తన గడ్డలోని, వేరులోని నిల్వను ఖర్చుపెట్టి మళ్ళీ మళ్ళీ మొలక వదులుతుంది. వదిలిన మొలకకు వెలుతురు దొరకదు. కొన్నాళ్ళకు నిల్వ అయిపోతుంది. చచ్చిన గడ్డి, చచ్చిన వేర్లు అక్కడే కుళ్ళి ఎరువవుతాయి. వేరు కుళ్ళిన దారుల్లో నీరు దిగుతుంది, వానపాము తిరుగుతుంది. గునపం చేయవలసిన పని వానపాము చేస్తుంది, దానికి కూలి అక్కరలేదు.

పద్ధతి కష్టమైనది కాదు. ముందు గడ్డిని కొడవలితో నేలమట్టానికి కోసి, కోసిన గడ్డిని అక్కడే పరిచెయ్యాలి. వెన్ను వేసి గింజ ముదిరిన గడ్డి అయితే దాన్ని మాత్రం తీసి పశువులకు వేసుకోవాలి. నేలను బాగా తడపాలి. ఆ తడి మీద పేడనీళ్ళు చల్లాలి. పేడ లేని ఇంట్లో మేకల పెంట, కోళ్ళ పెంట ఏదైనా సరే, పలచగా. దాని మీద చీకటి పొర. కిరాణా కొట్టు అట్టపెట్టెలు, పాత వార్తాపత్రికలు, చినిగిన గోనెసంచులు, ఏది దొరికితే అది. అట్టపెట్టెకు అంటించిన ప్లాస్టిక్ టేపు, పిన్నులు తీసెయ్యాలి. మెరుగు కాగితం, ప్లాస్టిక్ సంచి వద్దు. పత్రికలైతే ఎనిమిది పది కాగితాల మందాన వెయ్యాలి. ఒక అట్ట మీద ఇంకో అట్ట బెత్తెడు ఎక్కేటట్లు పరచాలి. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేస్తే మిగిలిన పనంతా వృథా. సందు దొరికితే గరిక అందులోనుంచే తల ఎత్తుతుంది. మళ్ళీ తడిపి, ఆ పైన జానెడు మందాన వరిగడ్డో, పసుపు ఆకో, ఎండిన అరటి ఆకో, వేప, కానుగ, చింత రాలుటాకులో కప్పాలి. నెల తిరిగేసరికి ఆ జానెడు అణిగి బెత్తెడవుతుంది. అప్పుడు ఇంకొంచెం వెయ్యాలి.

పొడిగా వదిలేస్తే మాత్రం ఫలితం వుండదు. నేల ఎండితే తుంగ గడ్డ నిద్రపోతుంది, నిల్వ ఖర్చు కాదు, అట్ట కుళ్ళదు. వారానికోసారి తడి తగలాలి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు చాలావరకు సరిపోతాయి.

ఇక నాటడం. ఇక్కడ పాతకాలపు ఆడవాళ్ళకు కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. సొరపాదు, బీరపాదు, గుమ్మడిపాదు అనే మాటలు వాళ్ళవే. పాదు పెట్టడానికి దొడ్డంతా ఎవరూ తవ్వరు. పాదు చోట మాత్రం గుంట చేస్తారు. ఇక్కడా అంతే. కప్పు తొలగించి, అట్టను కత్తితో అరచెయ్యంత చీల్చి, రెండు దోసిళ్ళ మాగిన పెంట, మట్టి కలిపి పోసి, అందులో గింజ పెట్టాలి. మొక్క లేచాక గడ్డిని మొదటికి జరపాలి, కాండానికి ఆనించకూడదు, ఆనిస్తే మొదలు కుళ్ళుతుంది. మొదటి ఏడాది ఇలా తీగజాతి, పెద్ద గింజ జాతే మేలు: సొర, బీర, పొట్ల, దోస, గుమ్మడి. వాటి ఆకులు పెద్దవి కనుక నేలకు అవీ నీడే. వంగ, మిరప, టొమాటో నారు కూడా అదే విధంగా గుంటల్లో నాటవచ్చు. తోటకూర, పాలకూర, గోంగూర వంటి సన్న గింజలు గడ్డి కప్పు మీద చల్లితే మొలవవు. వాటికి ఓ మూల అట్ట మీదే నాలుగు వేళ్ళ మందాన మెత్తటి ఎరువుమట్టి పోసి చల్లుకోవాలి. ముల్లంగి, క్యారెట్ల వంటివి రెండో ఏటికి వదిలిపెట్టడం మంచిది.

తవ్వే పని ఒకటి మిగిలింది. అక్టోబరు, నవంబరు వానలకు, తుపాన్లకు డెల్టా దొడ్లలో నీరు నిలుస్తుంది. నీరు నిలిస్తే కప్పు కింద వేర్లు కుళ్ళుతాయి. అందుచేత మడి చుట్టూ పార వెడల్పున ఒక బోదె తీసుకోవాలి. ఆ మట్టి మడి మీదకే వెయ్యవచ్చు. గరికకు కూడా ఆ బోదే సరిహద్దు. పక్క దొడ్డినుంచి పాకి వచ్చే తీగను వారానికోసారి కొడవలితో కోసేస్తే లోపలికి రాదు. ఈ కోత మానేస్తే రెండు నెలల్లో మొత్తం మళ్ళీ గరికదే.

తుంగ విషయంలో గొప్పలు చెప్పకూడదు. పొలాల్లో పరిచే ప్లాస్టిక్ పట్టాను సైతం పొడుచుకుని వచ్చే జాతి అది. ఒక ఏడాది అట్టతో అది పోదు. గరిక ఒక కారులో లొంగుతుంది. తుంగకు రెండు మూడు కార్లు పడుతుంది. పొడుచుకుని వచ్చిన మొలకను వచ్చినట్లే లాగేస్తుంటే గడ్డ నీరసించి పోతుంది. కప్పు కింద నేల మెత్తబడి వుంటుంది కనుక గడ్డతో సహా వూడి వస్తుంది. గునపంతో కూలబడి పెరకటానికీ, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పది మొలకలు లాగటానికీ తేడా వుంది కదా.

ఈ పద్ధతి మీద వూళ్ళో వచ్చే అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది పాము. దొడ్లో చెత్త పోస్తే పురుగూ పుట్రా చేరదా అని పెద్దవాళ్ళు అడుగుతారు. న్యాయమైన భయమే. కాని మోకాలెత్తు పచ్చి గడ్డిలో పాము దాగినంతగా బెత్తెడు మందాన చదునుగా పరిచిన గడ్డిలో దాగదు. కుప్పగా పోస్తేనే ప్రమాదం. ఇంటి గోడకు ఆనించకుండా రెండు మూరలు వదలాలి. చెయ్యి పెట్టబోయే ముందు కర్రతో కదపాలి. చీకటిపడ్డాక కాయ కోయబోకూడదు. రెండోది కోళ్ళు. పాముకంటే ఖాయమైన శత్రువు ఇదే. పురుగుల కోసం కోడి గీకటం మొదలుపెడితే పూటలో కప్పంతా చెదిరిపోతుంది. మొక్కలు నిలదొక్కుకునేదాకా చుట్టూ కంప వేసుకోవడమో, పాత చేపల వల కట్టుకోవడమో తప్పదు. మూడోది చెదలు. ఎండిన గడ్డికి చెదలు వస్తాయి. తడి వున్న గడ్డికి తక్కువ. ఇంటి తలుపులకు, దూలాలకు దూరంగా వుంచుకుని, పాదుల్లో కాస్త వేపపిండి కలిపితే సరిపోతుంది. ఇంకొకటి, ఎండు గడ్డి కనుక బీడీ ముక్క విసిరే మగవాళ్ళ విషయంలోనూ జాగ్రత్త అవసరమే.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరు. పశువుల మేత గడ్డిని నేల పాలు చేస్తారా అన్నది. మెట్ట ప్రాంతంలో ఈ మాట అన్నవాళ్ళకు ఎదురు చెప్పడానికి లేదు. అక్కడ రాలుటాకు, కలుపు, కానుగ రొట్టతోనే సరిపెట్టుకోవాలి. కాని డెల్టాలో ఈ మాట అనే నోరు ఎవరికీ లేదు. యంత్రంతో వరి కోసిన చేలలో గడ్డికి నిప్పు పెట్టి మొక్కజొన్నకు తయారుచేయడం డిసెంబరు, జనవరి నెలల్లో కళ్ళారా చూస్తున్నదే. సాయంత్రాలు వూరంతా పొగ. ఉబ్బసం మనుషులు తలుపులు వేసుకుని కూర్చోవాలి. ఆ తగలబడేది ఎంతో లెక్క వేద్దాం. గింజకు సాటిగా గడ్డి వస్తుందనుకుంటే 75 కిలోల బస్తాలు 30 పండిన ఎకరంలో గడ్డి రెండు టన్నుల పైమాటే. ఒక సెంటు దొడ్డి అంటే 48 చదరపు గజాలు, 40 చదరపు మీటర్లు. మీటరుకు 5 కిలోల చొప్పున కప్పినా 200 కిలోలు చాలు. ఒక్క ఎకరంలో తగలబెట్టే గడ్డితో పది ఇళ్ళ దొడ్లు కప్పవచ్చు. అటు రైతు నిప్పు పెట్టి వదిలించుకుంటున్నాడు, ఇటు అదే వూళ్ళో కాలనీలో గడ్డి దొడ్డి బీడుగా వుంది. రెంటికీ మధ్య దూరం అర మైలు.

అరటి తోటల్లో గెల కొట్టాక మిగిలే బొందలు, ఆకులు, పసుపు తవ్వే ముందు కోసి పారేసే ఆకు కూడా ఇటువంటివే. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు బడి ఆవరణలోని వేపాకు ఊడ్చి, అక్కడే తగలబెట్టడం మరీ శోచనీయం. ఆ ఆకు బడి తోటకు కావలసిన ఆకు.

ఒక్క సెంటుతో ఇంటికి సరిపడా కూరగాయలు వస్తాయని చెప్పడం మోసమే అవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్ద మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైన. సంత మానే పని లేదు. కాని రెండు బీరపాదులు, ఒక సొరపాదు, పది వంగ మొక్కలు, ఓ మూల తోటకూర వున్న ఇంట్లో పచ్చడి మెతుకులతో గడిపే రోజులు తగ్గుతాయి. టొమాటో ధర చుక్కలనంటిన వారంలో ఆ ఇల్లు చింతపండు, బీరకాయతో నెట్టుకొస్తుంది. అంగన్‌వాడీలో గర్భిణులకు, పిల్లలకు వండే పప్పులోకి పక్క మడిలో ఆకుకూర వుంటే ఆయా బజారుకు వెళ్ళనక్కరలేదు.

తవ్వనక్కరలేదంటే పనే లేదని అర్థం చేసుకునేవాళ్ళూ వుంటారు. జపాన్‌లో దున్నని వ్యవసాయానికి పేరుపడ్డ ఫుకువోకా తొలినాళ్ళలో తండ్రి నారింజ తోటను కత్తిరింపు లేకుండా వూరికే వదిలేస్తే చెట్లు చచ్చిపోయాయి. వదిలెయ్యడం వేరు, దున్నకపోవడం వేరని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. గడ్డి కప్పు అణిగినప్పుడల్లా మళ్ళీ కప్పాలి, అంచు కొయ్యాలి, తడపాలి. రోజుకు పావుగంట పని. దాన్ని ముసలమ్మ కూడా చేసుకోగలదు, అదే దీనిలోని మేలు.

అధికారులకు ఈ విషయాలు తెలియనివి కావు. గుంటూరులోనే కార్యాలయం వున్న రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పేరుతో ఆచ్ఛాదన గురించి వూరూరా చెబుతున్నది. అయితే ఆ మాట ఎక్కువగా పొలం వున్నవాళ్ళకు, సంఘాల సమావేశాల్లో వినపడుతున్నది. కాలనీలో సెంటు దొడ్డి వున్న మనిషి దాకా వచ్చేసరికి విత్తనాల పొట్లం ఒకటి చేతిలో పెట్టి పంపుతున్నారు. గడ్డి ఎలా తీయాలో చెప్పకుండా విత్తనం ఇవ్వటం పొయ్యి లేని ఇంటికి బియ్యం ఇవ్వటం వంటిది. రైతు సేవా కేంద్రం సహాయకుడు వూరికి ఒకటి చొప్పున, అందరూ తిరిగే చోట, గునపం పెట్టకుండా ఒక మడి చేసి చూపిస్తే పది ఉపన్యాసాల పని జరుగుతుంది. అంగన్‌వాడీ పక్క జాగా అందుకు అన్నివిధాలా అనువైనది. తల్లులు రోజూ వచ్చిపోతుంటారు. చెత్త నుంచి సంపద కేంద్రం నడుస్తున్న పంచాయతీల్లో ఎరువు కూడా అక్కడే దొరుకుతుంది. నడవని చోట పెంటకుప్పలు లేని వూరు ఏదీ లేదు.

జనవరిలో కప్పితే జూను తొలకరికి పాదులు పెట్టుకునే అదనుకు గరిక చాలావరకు కుళ్ళి వుంటుంది. దీనికి కొత్త పథకం, కొత్త జీవో ఏమీ అక్కరలేదు. కోత యంత్రం చేనులోనుంచి బయటికి వచ్చిన మర్నాడు, రైతు అగ్గిపెట్టె తీయకముందు, సర్పంచి ఒక ట్రక్కు పంపి ఆ గడ్డిని కాలనీ మొగలో దించితే చాలు.